రిచర్డ్స్ బేలో గాలి మారేదాకా: పక్క బోట్లవాళ్లతో పరిచయం ఎలా, వాళ్ల మాట ఎంతవరకు వినాలి

మీరు అడిగింది ఇది: రీయూనియన్ ద్వీపం నుంచి మీరు ఒక పెద్దాయన సెయిలింగ్ బోటులో క్రూగా, అంటే పనిలో తోడుగా వచ్చారు. ఇప్పుడు దక్షిణాఫ్రికాలోని రిచర్డ్స్ బేలో గాలి అనుకూలించేదాకా ఆగారు. చుట్టూ చాలా బోట్లున్నాయి, వాటిలోవాళ్లంతా ఒకరికొకరు ఎప్పటినుంచో తెలిసినట్టు ఉన్నారు, మీకు మాత్రం పలకరించేవాళ్లు లేరు. వీళ్లతో ఎలా కలవాలి? గురువారం చాలామంది డర్బన్‌కి బయలుదేరుతున్నారట, మీ స్కిప్పర్, అంటే బోటు నడిపే ఆ పెద్దాయన, మాత్రం ఇంకో రెండు రోజులు చూద్దామంటున్నారు. వెనకబడిపోతామేమోనని టెన్షన్‌గా ఉంది అన్నారు.

నాది విశాఖ. చాలా ఏళ్లుగా ఈ దక్షిణాఫ్రికా తీరం వెంబడి వేరేవాళ్ల బోట్లను ఒక రేవు నుంచి ఇంకో రేవుకు చేర్చే పనిలో ఉన్నాను. రెండో ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. స్కిప్పర్ ఆగుదామంటే ఆగండి. ఎంతమంది బయలుదేరినా సరే. అది ఎందుకో తెలిస్తే పక్కవాళ్లతో ఏం మాట్లాడాలో కూడా మీకే తెలుస్తుంది. అందుకని ముందు సముద్రం సంగతి.

ఈ తీరం వెంబడి అగుల్హాస్ ప్రవాహం ఈశాన్యం నుంచి నైరుతికి పారుతుంది. కొన్నిచోట్ల నాలుగైదు నాట్ల వేగం ఉంటుంది (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, సుమారు 1.85 కిలోమీటర్లు). ఎక్కువ బలం లోతు 200 మీటర్లకు దిగే గీత చుట్టుపక్కల. మీరు వెళ్లేది కూడా నైరుతికే కాబట్టి, ఈశాన్య గాలి వీస్తున్నంతసేపు ఇంతకన్నా హాయి ఉండదు. ఆరు నాట్ల బోటు తొమ్మిది పది నాట్లతో పోతుంది. కానీ దక్షిణ మహాసముద్రం నుంచి కొన్ని రోజులకొకటి చొప్పున చల్లగాలి ఫ్రంట్‌లు, అంటే ముందుకు తోసుకొచ్చే చల్లగాలి అంచులు, వస్తూనే ఉంటాయి. ఫ్రంట్ వచ్చే ముందు ఈశాన్య గాలి బలపడుతుంది, బారోమీటర్ దిగుతూ ఉంటుంది. తర్వాత గాలి ఒక్కసారిగా పడిపోతుంది. నైరుతి దిక్కున మబ్బు వరస కనిపిస్తుంది. ఆ తర్వాత కొద్ది నిమిషాల్లోనే ముప్పై నలభై నాట్ల నైరుతి గాలి మొహం మీదకి వస్తుంది. ప్రవాహం అటు, గాలి ఇటు. అలల మధ్య దూరం తగ్గిపోయి అవి నిట్టనిలువుగా లేస్తాయి. ఈ తీరంలో 20 మీటర్ల అలలు లేస్తాయని నావిగేషన్ పుస్తకాలు హెచ్చరిస్తాయి. 1909 జూలై 26న డర్బన్ నుంచి కేప్ టౌన్‌కి బయలుదేరిన వరాటా అనే పెద్ద స్టీమరు 211 మందితో ఈ నీళ్లలోనే మాయమైంది, ఆనవాలు ఇప్పటికీ దొరకలేదు. 1991 ఆగస్టులో ఓషనోస్ అనే ప్రయాణికుల ఓడ ఈస్ట్ లండన్ నుంచి డర్బన్ వస్తూ వైల్డ్ కోస్ట్ దగ్గర మునిగింది. అందులోని 571 మందినీ కాపాడారు, హెలికాప్టర్లవాళ్లకు చేతులెత్తి మొక్కాలి.

ఇప్పుడు అర్థమైంది కదా, మీ రేవులో అంతమంది ఎందుకు ఆగి ఉన్నారో. హిందూ మహాసముద్రంలో తుఫాన్ల కాలం మొదలయ్యేలోపు అందరూ మారిషస్, రీయూనియన్ల నుంచి ఇటు వచ్చేస్తారు. ఎర్ర సముద్రం దారిలో 2023 చివరి నుంచి ఓడల మీద దాడులు జరగడంతో ఆ వైపు పోదామన్న ఆలోచన కూడా చాలామంది మానుకున్నారు. అందరిదీ ఒకే దారి, అందరికీ కావలసింది ఒకే వెదర్ విండో, అంటే రెండు ఫ్రంట్‌ల మధ్య గాలి అనుకూలించే వ్యవధి. రిచర్డ్స్ బే, డర్బన్, ఈస్ట్ లండన్, పోర్ట్ ఎలిజబెత్ (2021 నుంచి ఆ ఊరి పేరు గెబెర్హా), మోసెల్ బే, కేప్ టౌన్. ఈ వరసలో దాదాపు ప్రతి రేవులోనూ మళ్లీ వీళ్లే కనిపిస్తారు. మీరు ఈ వారం పరిచయం చేసుకునేవాళ్లు కేప్ టౌన్ దాకా మీ ఇరుగుపొరుగు అన్నమాట.

పరిచయం ఎలా అంటే, నేను చెప్పేది ఒకటే: పనిలో చెయ్యి వేయండి. ఒక బోటు రేవు గోడ దగ్గరికి వస్తున్నట్టు కనిపిస్తే చేతిలోది పక్కన పెట్టి వెళ్లి తాడు అందుకోండి. రీయూనియన్ నుంచి సుమారు 1,400 నాటికల్ మైళ్లు వచ్చి, మడగాస్కర్ దక్షిణాన అలలకు ఒళ్లు హూనమై, నిద్ర లేక ఎర్రబడ్డ కళ్లతో వచ్చే మనుషులు వాళ్లు. ఆ నిమిషంలో గట్టు మీద నిలబడ్డ మనిషిని ఎవరూ మర్చిపోరు. అయితే తాడు అందుకోగానే బలం కొద్దీ లాగకండి. ముందు తాడు లాగితే బోటు ముక్కు గోడకు కొట్టుకుంటుంది, వెనక భాగం బయటికి తిరిగిపోతుంది, పాపం స్కిప్పర్ చేసిన లెక్కంతా పోతుంది. తాడును దగ్గర్లో ఉన్న కొక్కేనికో బొల్లార్డ్‌కో (తాడు కట్టే పొట్టి స్తంభం) ఒక చుట్టు వేసి, కొస చేతిలో పట్టుకుని, "లాగమంటారా, వదలమంటారా?" అని వాళ్లను అడగండి. ఆ ఒక్క మాటతో మీకు పని తెలుసని వాళ్లకు అర్థమవుతుంది. కట్టడం అయ్యాక అక్కడే నిలబడి కబుర్లు మొదలుపెట్టకండి. కస్టమ్స్, ఇమిగ్రేషన్ వాళ్లు వచ్చి వెళ్లాలి, వీళ్లు నిద్రపోవాలి. నీళ్ల కుళాయి ఎక్కడుందో, స్నానాల గది ఎక్కడుందో చెప్పి వచ్చేయండి. మర్నాడు వాళ్లే మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తారు.

ఎదుటివాళ్ల బోటు వాళ్ల ఇల్లు. పిలవకుండా ఎక్కకూడదు. గట్టు మీద నుంచే బోటు పేరు పెట్టి పిలవండి, లేదా అంచున ఉన్న కమ్మీ మీద వేళ్లతో తట్టండి. రమ్మన్నాక చెప్పులు గట్టు మీదే విడవండి, ఇది మనకు కొత్తేం కాదు. పొద్దున్నే వెళ్లకండి, అప్పుడు అందరూ వాతావరణం చూసుకునే పనిలో, రిపేర్ల పనిలో ఉంటారు. సాయంత్రం ఎండ తగ్గాక మంచిది. దక్షిణాఫ్రికావాళ్లకు బ్రాయ్ అంటే ప్రాణం, కట్టెల నిప్పుల మీద మాంసం కాల్చుకుంటూ గంటలు గంటలు కూర్చుంటారు. మీ రేవులో బోట్లు ఆగే జూలూల్యాండ్ యాట్ క్లబ్‌లో అయినా, తుజీ గాజీ గోడ దగ్గరైనా, ఎవరో ఒకరు నిప్పు రాజేస్తే పక్క బోట్లవాళ్లు తలో గిన్నె పట్టుకుని వస్తారు. ఖాళీ చేతులతో వెళ్లకండి. నన్నడిగితే పులిహోర పట్టుకెళ్లండి. మీరు మాంసం తిన్నా తినకపోయినా అది అందరికీ నచ్చుతుంది. పైగా ఫ్రిజ్ లేకపోయినా మర్నాటికి పాడవని అన్నం ఇదేమిటని ప్రతి స్కిప్పరూ అడుగుతాడు, ఎందుకంటే అలల్లో వంట చేయలేని రోజు ఏం తినాలన్నది వీళ్లందరికీ ఉన్న సమస్యే. చింతపండు డర్బన్‌లో ఎక్కడైనా దొరుకుతుంది, మీ దగ్గర ఉన్నది దాచుకోవక్కర్లేదు.

ఇంగ్లీషు సరిగా రాదని సంకోచం అన్నారు. అక్కడున్నవాళ్లలో ఫ్రెంచివాళ్లు, జర్మన్లు, డచ్‌వాళ్లు, బ్రెజిల్‌వాళ్లు ఉంటారు. వాళ్లలో చాలామందికీ ఇంగ్లీషు నేర్చుకున్న భాషే. బోటు ధర ఎంత, మీకింత డబ్బు ఎలా వచ్చింది అనే ప్రశ్నలు మాత్రం వద్దు. మన దగ్గర మామూలుగా అడిగేస్తాం కానీ ఇక్కడ నొచ్చుకుంటారు. దాని బదులు, ఎటునుంచి వచ్చారు, దారిలో ఏం విరిగింది అని అడగండి. ఏం విరిగిందన్న ప్రశ్నకు నావికుడెవరైనా అరగంట తక్కువ కాకుండా చెప్తాడు, ఆ అరగంటలో మీకు ఒక ఏడాది పాఠం దొరుకుతుంది. నిజంగా పనికొచ్చే ప్రశ్నలు ఇంకా ఉన్నాయి. ఎన్ని నాట్ల లెక్కన ప్లాన్ వేసుకుంటున్నారు? ఇంజిన్ మీద ఎంతదూరం వెళ్లగలరు? గాలి అనుకున్నదాని కన్నా ముందే తిరిగితే ఎక్కడికి పోతారు? ఈ మూడో ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పేవాళ్లెవరో చూసుకుని, వాళ్ల దగ్గర ఎక్కువసేపు కూర్చోండి.

అలాంటి ఒకావిడ గురించి చెప్పాలి. ఒంటరిగా బోటు నడుపుకుంటూ తిరిగే పెద్దావిడ, డర్బన్‌లో గాలి కోసం ఆగినప్పుడు పక్క బోటులో ఉండేది. ఆమె దగ్గర గళ్ల నోట్‌బుక్ ఒకటి ఉండేది, పెన్సిల్‌ను దారంతో దానికే కట్టింది. మెలకువగా ఉన్న ప్రతి గంటకూ ఒక వరస: బారోమీటర్ అంకె, గాలి దిక్కు, ఆకాశం ఎలా ఉంది. చివరి గడిలో, ముందురోజు వాతావరణ సూచన ఆ గంటకు ఏం చెప్పిందో ఎర్ర ఇంకుతో రాసేది. నన్ను కూర్చోబెట్టి పాత పేజీలు తిప్పి చూపించింది. సూచన చెప్పిన వేళకన్నా ఫ్రంట్ చాలా గంటలు ముందొచ్చిన రోజులున్నాయి, ఆలస్యంగా వచ్చిన రోజులూ ఉన్నాయి. "రేవులో ఆగిన రోజులు ఇందుకే" అంది. బయటికి వెళ్లకుండానే ఈ తీరం సూచనలు ఎంత అటూ ఇటూ అవుతాయో కొలుచుకోవచ్చన్నమాట. మీకు అక్కడ ఇంకా రెండు రోజులున్నాయి కదా, ఈ పని ఇవాళే మొదలుపెట్టండి. మీ స్కిప్పర్‌కి ఇంతకన్నా పెద్ద సాయం మీరు చేయలేరు.

ఇక గురువారం సంగతి. సాయంత్రం పది మంది ఒకచోట కూర్చుని ఫోన్లు చూసుకుంటూ "గురువారం బాగుంది" అంటే అది పది మంది అభిప్రాయం అనిపిస్తుంది. నిజానికి వాళ్లంతా ఒకే యాప్‌లో ఒకే మోడల్, అంటే కంప్యూటర్ వేసిన ఒకే వాతావరణ అంచనా చూసి ఉండొచ్చు. అంటే అది ఒక్క అభిప్రాయమే. కాబట్టి ఏ మోడల్ చూశారని అడగండి. యూరోపియన్ మోడల్, అమెరికా జీఎఫ్ఎస్ రెండూ ఒకే వేళకు ఫ్రంట్ చూపిస్తున్నాయా? తేడా ఉంటే తొందరగా వస్తుందన్నదాన్నే నమ్మి లెక్క వేసుకోవాలి. దక్షిణాఫ్రికా వాతావరణ శాఖ తీరప్రాంత బులెటిన్ కూడా చూడండి. అక్కడే ఏళ్ల తరబడి చేపలు పట్టేవాళ్లు క్లబ్‌లో కనిపిస్తారు, వాళ్లనూ ఒక మాట అడగండి. వాళ్లకు మోడల్ పేరు తెలియకపోవచ్చు కానీ, పొద్దున్న గాలి ఎలా మొదలైతే సాయంత్రానికి ఏమవుతుందో తెలుసు.

అసలు మెలిక బోటు వేగంలో ఉంది. డర్బన్ నుంచి ఈస్ట్ లండన్ సుమారు 250 నాటికల్ మైళ్లు, మధ్యలో సెయిలింగ్ బోటు దూరి తలదాచుకోవడానికి రేవు లేదు. ప్రవాహం సగటున మూడు నాట్లు కలిసొచ్చిందనుకోండి. ఏడు నాట్ల కాటమరాన్ 25 గంటల్లో చేరుతుంది. అయిదు నాట్ల పాత బోటుకు 31 గంటలు పైనే. ఫ్రంట్ 28వ గంటకు వస్తే, మొదటిది గోడకు కట్టేసి వాళ్లు వేడిగా తింటూ ఉంటారు, రెండోది ఇంకా బయటే ఉంటుంది. ఇద్దరూ ఒకే ఉదయం, ఒకే సూచన చూసి, ఒకరికొకరు చేతులూపుకుంటూ బయలుదేరినవాళ్లే. ఇలాంటిది నేను డర్బన్‌లో కళ్లారా చూశాను. నెమ్మది బోటువాళ్లకు తెలివి ఉంది కాబట్టి గాలి తిరగ్గానే తీరం వైపు మళ్లి, లోతు 100 మీటర్ల గీత లోపలికి, అంటే ప్రవాహం బలం తగ్గే చోటికి వచ్చేశారు. రాత్రంతా గాలికి ఎదురీది మర్నాడు సాయంత్రానికి చేరారు, తెరచాప చిరిగింది, మనుషులు క్షేమం. వాళ్లు చేసింది సరైన పనే. కానీ ఇంకో విండో దాకా ఆగి ఉంటే ఆ రాత్రి అవసరమే లేదు.

మీరు ముందు చేయాల్సిన రిచర్డ్స్ బే నుంచి డర్బన్ ముక్క చిన్నదే, 90 నాటికల్ మైళ్ల లోపు. అయితే ఇక్కడ ఒకటి గుర్తుంచుకోండి. ఈ మధ్యలో తీరం పక్కన లోతు తక్కువగా ఉన్న సముద్రపు అడుగు వెడల్పుగా ఉంటుంది, బలమైన ప్రవాహం బాగా బయటికి జరిగిపోతుంది, తీరానికి దగ్గర్లో నీరు ఎదురు పారే చోట్లు కూడా ఉంటాయి. కాబట్టి మూడు నాట్లు కలిసొస్తాయని లెక్కలో వేయకండి. అయిదు నాట్ల బోటుకు పద్దెనిమిది గంటలు అనుకోండి, మీది అలాంటి బోటే అయితే. పెద్దాయన రెండు రోజులు చూద్దామనడానికి కారణం బహుశా ఇదే. ఆయన్నే అడగండి, కానీ "అందరూ వెళ్తున్నారు కదా" అని మొదలుపెట్టకండి. "మన లెక్క ఎన్ని గంటలు సార్?" అని అడగండి. చార్టు తీసి చూపిస్తారు. ముసలి స్కిప్పర్లకు అలా అడిగే క్రూ అంటే ఎంత ఇష్టమో మీకే తెలుస్తుంది.

బయలుదేరేటప్పుడు కాగితాల పని కూడా ఉంటుంది. దక్షిణాఫ్రికాలో విదేశీ బోటు ఒక రేవు నుంచి ఇంకో రేవుకు వెళ్లాలన్నా అధికారుల అనుమతి తీసుకోవాలి, దాన్ని ఇక్కడ ఫ్లైట్ ప్లాన్ అంటారు. దానికి గంటలు పడుతుంది. ముందే ఈ పని పూర్తి చేసుకున్నవాళ్లను ఏ ఆఫీసు తర్వాత ఏ ఆఫీసుకు వెళ్లారో అడిగి రాసుకోండి. పక్కవాళ్ల దగ్గర దొరికే సమాచారంలో కళ్లు మూసుకుని నమ్మదగింది ఇదొక్కటే, ఎందుకంటే వాళ్లు నిన్ననే ఆ ఆఫీసులన్నీ తిరిగి వచ్చి ఉంటారు.

ఒకే రోజు రెండు మూడు బోట్లు కలిసి బయలుదేరితే మంచిదే. అయితే కలిసి వెళ్లడమంటే ఏమిటో గోడ దగ్గర ఉండగానే మాట్లాడుకోవాలి. మాస్ట్ (తెరచాప స్తంభం) పైన యాంటెనా ఉన్నా బోటు నుంచి బోటుకు వీహెచ్ఎఫ్ రేడియో మాట పదిహేను ఇరవై మైళ్లు దాటదు. వేగాల్లో తేడా ఉంటే కొన్ని గంటల్లోనే ఒకరికొకరు వినపడరు. కాబట్టి ఏ చానల్‌లో, ఎన్ని గంటలకు పిలుచుకుంటారు, ఒకసారి జవాబు రాకపోతే ఎంతసేపు ఆగుతారు, తర్వాత ఎవరికి చెప్తారు అన్నది కాగితం మీద పెట్టుకోండి. ఒకరి కోసం ఒకరు వేగం తగ్గించుకుంటామని మాత్రం మాట ఇవ్వొద్దు. వేగంగా పోయేవాడు వేగంగా పోయి రేవు చేరడమే అందరికీ మేలు. ఎన్ఎస్ఆర్ఐ అని ఇక్కడ వాలంటీర్లు నడిపే సముద్ర రక్షణ సంస్థ ఉంది, 1967 నుంచి పనిచేస్తోంది. వాళ్ల సేఫ్‌ట్రెక్స్ యాప్‌లో మీ ప్రయాణం నమోదు చేయండి. హ్యామ్ రేడియో (దూరం వినిపించే ఔత్సాహికుల రేడియో) ఉన్న బోటు పక్కనుంటే దక్షిణాఫ్రికా మారిటైమ్ మొబైల్ నెట్ ఎలా వినాలో చూపించమనండి. రోజూ ఓపిగ్గా బోట్లను పలకరించి వాతావరణం చదివి వినిపిస్తారు, వాళ్లు చేసే సేవకు దండం పెట్టాలి.

ఆగిన రోజుల్లో గొడవలూ వస్తాయి, అది కూడా తెలిసి ఉండాలి. చిన్న బోటులో ఇద్దరు ముగ్గురు రోజుల తరబడి ఇరుక్కుంటే మాటామాటా పెరుగుతుంది. మీ స్కిప్పర్ మీద కోపం వస్తే ఆ సంగతి పక్క బోటులో చెప్పకండి. సాయంత్రానికి గోడ మొత్తానికి తెలుస్తుంది. నడవండి, లేదా ఒక రోజు హ్లుహ్లువె పార్కుకు పోయి ఖడ్గమృగాలను చూసి రండి. నలుగురు క్రూ కలిసి కారు మాట్లాడుకుంటే ఖర్చు తగ్గుతుంది, ఒకే కారులో రోజంతా తిరిగినవాళ్లు రాత్రికి స్నేహితులైపోతారు. బయలుదేరే ముందు రోజు రాత్రి మాత్రం ఎవరు బలవంతం చేసినా మందు ముట్టొద్దు.

డర్బన్‌లో మీకింకో తోడు దొరుకుతుంది. 1860 నవంబర్ 16న ట్రురో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలను తీసుకొచ్చి అక్కడ దించింది. ఆ తర్వాత ఏళ్లలో వచ్చినవాళ్లలో మన ఉత్తర కోస్తావాళ్లు చాలామంది. వాళ్ల మనవలూ మునిమనవలూ ఇప్పటికీ అక్కడున్నారు, ఆంధ్ర మహాసభ 1931లోనే పెట్టుకున్నారు. తెలుగు ధారాళంగా రాకపోవచ్చు కానీ, ఊరు విశాఖ అనో కాకినాడ అనో చెప్పగానే వాళ్ల ముఖాలు చూడండి. రెండు రోజులు ఎక్కువ ఆగాల్సొస్తే ఆగినందుకు సంతోషిస్తారు.

ఇక గురువారం ఏం చేయాలో చెప్తాను. తెల్లవారకముందే లేచి, బయలుదేరేవాళ్ల తాళ్లు విప్పడానికి వెళ్లండి. బోటు పేరు, ఎన్ని నాట్ల లెక్క వేసుకున్నారో, ఫోన్ నంబరు రాసుకోండి. డర్బన్ చేరగానే ఒక మెసేజ్ పెట్టమని అడగండి, కాదనరు. శుక్రవారం వాళ్లు నిద్రలేచాక గాలి ఏ వేళకు తిరిగింది, నీరు ఎక్కడ ఎదురు పారింది, నిజంగా ఎన్ని నాట్ల వేగం వచ్చింది, రేవులో కట్టుకోవడానికి చోటు ఎక్కడుంది అని కనుక్కోండి. ఆ జవాబులు మీ నోట్‌బుక్‌లో సూచన పక్కన రాసి, టీతో పాటు మీ స్కిప్పర్ ముందు పెట్టండి.